పాజిటివ్ అంటే చాలదు, ఏ రకమో రాయాలి

సంపాదకులకు,

విజయవాడ సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హ్యూమన్ పాపిల్లోమా వైరస్) పరీక్ష చేయించుకున్న మహిళకు ఒక్కోసారి ‘హై రిస్క్ పాజిటివ్’ అన్న ముక్క మాత్రమే రాసిస్తున్నారు. అది చూసి కొందరు గర్భసంచి తీసేయమంటారు, కొందరు రిపోర్టును బీరువాలో పడేస్తారు. రెండూ తప్పే.

ఈ వైరస్‌లో 200కు పైగా రకాలున్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. 16లో మళ్లీ ఏ, బీ, సీ, డీ వంశాలున్నాయి. వాటి జన్యుక్రమాల మధ్య తేడా నూటికి ఒకటో రెండో అక్షరాలే అయినా, డీలోని కొన్ని శాఖలతో గ్రంథికణాల క్యాన్సర్ ముప్పు ఎక్కువ. ఈ క్యాన్సర్ ముఖద్వారం లోపలి కాలువలో దాగి, ముఖద్వారం కణాలను సూక్ష్మదర్శినిలో చూసే పాప్ స్మియర్‌కు సులువుగా చిక్కదు.

కోవిడ్ చూశాక వేరియంట్ అంటేనే జనానికి హడలు. హెచ్‌పీవీ సంగతి వేరు. మన కణాల యంత్రాంగంతోనే తన డీఎన్‌ఏను నకలు చేసుకుంటుంది కాబట్టి చాలా నెమ్మదిగా మారుతుంది. పైగా మన కణాలు అదుపు తప్పి పెరగకుండా కళ్లెం వేసే ఆర్‌బీ ప్రోటీన్‌ను పనిచేయనివ్వని వైరస్ ఈ7 జన్యువు మారితే వైరస్‌కే నష్టం. క్యాన్సర్ కణితుల్లో అది దాదాపు మారకుండానే కనిపిస్తుంది.

వంశం తేల్చే సీక్వెన్సింగ్ (జన్యుక్రమం చదివే పరీక్ష) పరిశోధకులకు కావాలి. రోగి దానికి డబ్బు పోయనక్కర్లేదు. కావాల్సిందల్లా 16, 18 ఫలితాలు విడిగా రాయడం. వాటిలో ఏదున్నా పాప్ ఫలితం కోసం ఆగకుండా కాల్పోస్కోపీకి (ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూసే పరీక్షకు) పంపాలి. మిగతా రకాలైతే ముందు పాప్ చేయాలి. అది మామూలుగా ఉంటే ఏడాదికి మళ్లీ హెచ్‌పీవీ పరీక్ష చాలు, ఎందుకంటే ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువ భాగం రెండేళ్లలో వాటంతటవే పోతాయి. పోకుండా తిష్ఠ వేసినదే ఏళ్ల తరబడి సీఐఎన్-3 అనే క్యాన్సర్ ముందు దశ దాకా, ఆపై క్యాన్సర్ దాకా తీసుకెళుతుంది.

శాంపిల్ దగ్గరా పొరపాట్లు జరుగుతాయి. నెలసరి రోజుల్లో తీయకూడదు, రక్తం ఎక్కువైతే వైరస్ డీఎన్‌ఏను పట్టే పీసీఆర్ పరీక్ష దెబ్బతింటుంది. అంతకుముందు రెండు రోజులు యోనిలో క్రీములు, మాత్రలు వాడకూడదు. శాంపిల్‌లో మనిషి కణాలు సరిపడా ఉన్నాయో లేదో చెప్పే కంట్రోల్ ఫెయిలైతే ‘నెగెటివ్’ అని కాకుండా ‘ఇన్‌వాలిడ్’ అని రాసి, మళ్లీ శాంపిల్ అడగాలి. ఆ కంట్రోల్ ఫలితం కూడా రిపోర్టులో ఒక వరుసగా ఉండాలని మా రెండు నగరాల ల్యాబులను కోరుతున్నాం.

— కొందరు పాథాలజీ, గైనకాలజీ వైద్యులు, గుంటూరు, విజయవాడ