జిప్పు సంగతి, గంప సంగతి

నమస్తే అండి. ముందు పని మాట చెప్పేస్తా, నా గోడు తర్వాత. దసరాకీ సంక్రాంతికీ మధ్యలో మా షాపులో కెమెరా బ్యాగ్ కొన్నవాళ్ళు ఒకసారి తెరిచి లోపల లైనింగ్ చూడండి. నారింజ రంగు ఉంటే ఆ బ్యాగ్‌కి జిప్పు మార్చాలి. బూడిద రంగైతే పాత లాటు, దానికి జిప్పు మార్చక్కర్లేదు. మార్చినందుకు రూపాయి తీసుకోను, వైజాగ్ బయటవాళ్ళకి కొరియర్ రానూపోనూ నాదే. రెండోది, మా కెమెరా బ్యాగుల్లో అన్నిటికన్నా పెద్దది, గంప, ఇక కుట్టట్లేదు. అడ్వాన్స్ కట్టిన 11 మందికీ నేనే ఫోన్ చేశా, తొమ్మిది మంది డబ్బు వెనక్కి తీసుకున్నారు, ఇద్దరు నడిమి సైజుకి మారారు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక ముక్క. మా దగ్గర ఉన్నవే మూడు సైజులు, పేర్లు నేను పెట్టలేదు, మీరే పెట్టారు. ఒక భుజానికి అడ్డంగా వేసుకునేది చిట్టి, వీపున తగిలించుకునే 18 లీటర్లది నడిమిది, 30 లీటర్లది గంప.

జనవరి మొదట్లో ఒక ఫోన్ వచ్చింది. మా నాన్న స్కూటర్ సీటు కవర్లు, స్కూలు బ్యాగులు కుట్టే రోజుల నుంచీ మాకు తెలిసిన కుర్రాడు, ఇప్పుడు పెళ్ళిళ్ళు తీస్తాడు. వంజంగి కొండ మీద మబ్బులు తీద్దామని తెల్లారుజామున నాలుగింటికి ఎక్కుతున్నారట, గంప వీపున ఉంది, జిప్పు వేసే ఉంది. వేసే ఉంది కానీ రన్నర్, అంటే పట్టుకుని లాగే ముక్క, దాటిపోయిన చోట వెనకాల పళ్ళు విచ్చుకుపోయాయి. చీకట్లో తెలీలేదు. 50 ఎంఎం లెన్స్ జారి రాళ్ళ మీద పడి దొర్లింది. లెన్స్ బతికింది, ముందున్న ఫిల్టర్ పగిలి దాని రింగు లెన్స్‌కి ఒత్తుకుపోయి ఊడి రాలేదు. "ఏం పర్లేదక్కా, చెప్దామని చేశానంతే" అన్నాడు. తిట్టుంటే బాగుండేది. ఫిల్టర్ డబ్బులు వద్దన్నా వినకుండా ఫోన్లో కొట్టేశా.

ఆ వారంలోనే ఇంకో నాలుగు వచ్చాయి, అన్నీ అదే జబ్బు. ఇదంతా ఎవరో ఫొటోగ్రాఫర్ల గ్రూపులో పెడితే కింద ఒకాయన "లోకల్ బ్యాగ్ అంటే అంతే కదా బాసూ" అని రాశాడు. ఆయన మా షాపు మెట్టు కూడా ఎక్కలేదు. ఆ ఒక్క వాక్యం నాకు మూడు రోజులు నిద్ర లేకుండా చేసిందంటే నమ్మండి.

ఇప్పుడు జిప్పు గురించి కాస్త చెప్పాలి, విసుక్కోకండి. మనం జిప్పు అనేది రెండు ముక్కలు, ఒకటి పళ్ళున్న చైన్, రెండోది దాని మీద నడిచే రన్నర్. చైన్ రోల్స్‌గా వస్తుంది, రన్నర్లు విడిగా సంచీలో వస్తాయి, మేం కోసుకుని ఎక్కించుకుంటాం. 5 నంబరు, 8 నంబరు, 10 నంబరు అంటారు, అంటే మూసినప్పుడు పళ్ళ వెడల్పు సుమారుగా అన్ని మిల్లీమీటర్లు. చాలా స్కూలు బ్యాగులకి 5 వేస్తారు, నేను పెద్ద జిప్పులన్నిటికీ 8 వేస్తా. జనం చైన్ పాడైంది అనుకుంటారు కానీ చాలాసార్లు చచ్చేది రన్నరే. దాని నోరు వదులైతే రెండు వైపుల పళ్ళని గట్టిగా అదమలేదు, ముందు మూసుకుంటూ వెళ్తుంది, వెనకాల విచ్చుకుంటూ వస్తుంది. పటకారుతో రన్నర్‌ని రెండు పక్కలా కాస్త నొక్కితే మళ్ళీ పని చేస్తుంది, అది వారం రోజుల ముచ్చట.

మాకు ఈ సరుకు ఇచ్చేవాళ్ళు వేరే ఊరివాళ్ళు, పేరెందుకు లెండి. నాన్న హయాం నుంచీ కొంటున్నాం, ఆయన పోయినప్పుడు కార్యానికి కూడా వచ్చారు. అలాంటివాళ్ళని అనుమానించాలని ఎవరికి తోస్తుంది? దసరా ముందు వచ్చిన సంచీ విప్పగానే మా కుట్టు మావయ్య, విజయనగరం మనిషి, నాన్నతో కలిసి పనిచేసినాయన, చేతిలో పోసుకుని "ఏటి పాపా, రన్నర్లు ఇంత తేలిగ్గున్నాయి" అన్నాడు. నేను వినలేదు. సీజన్ నెత్తి మీద ఉంది, ఆర్డర్లు ఉన్నాయి, కొత్త రకమేమోలే మావయ్యా అనేశా. ఈ మాట రాయకుండా వదిలేయొచ్చు, ఎవరికీ తెలీదు కూడా, కానీ ఆయన ఈ షాపులోనే కూర్చుంటాడు కదా.

జనవరిలో బుద్ధొచ్చి పక్కనున్న బంగారం కొట్లో తూకం వేయించా. పాతవి పది, కొత్తవి పది. కొత్తవి పదీ కలిసి పాతవి ఏడు కూడా తూగలేదు. వెంటనే ఫోటో తీసి పంపి ఫోన్ చేశా. మొదటి రోజు ఎత్తలేదు. రెండో రోజు కొడుకు ఎత్తి "అక్కా, ఫ్యాక్టరీ మారింది, క్వాలిటీ సేమ్" అన్నాడు. మూడో రోజు పెద్దాయన మాట్లాడాడు, ఏమన్నాడో తెలుసా, "మీ కస్టమర్లు బ్యాగులో ఇల్లంతా పెట్టుకుంటే జిప్పేం చేస్తుందమ్మా. వాడని రోల్స్ వెనక్కి పంపు, తీసుకుంటా" అని. వాడని రోల్స్! దాదాపు అన్నీ కోసి 64 బ్యాగులకి కుట్టేశాక నా దగ్గర మిగిలింది ఒకటిన్నర రోలు. నాకు మండిపోయింది. నోటికొచ్చింది అనేశా, పెద్దాయన అని కూడా చూడలేదు. సగం డబ్బు ముందే కట్టా, మిగతా సగం ఆపేశా.

ఆయన మాట అబద్ధమని తేల్చాలని పంతం పట్టా. సంక్రాంతి సెలవులకి మా తమ్ముడి కొడుకు వచ్చాడు, వాడిని కూర్చోబెట్టి వంద లాగుళ్ళకి ఒక ఐస్‌క్రీమ్ అని బేరం కుదుర్చుకున్నా. బ్యాగుల్లో కిలో బియ్యం ప్యాకెట్లు కుక్కి, జిప్పు తెరువు, మూయి, తెరువు, మూయి, నేను పుస్తకంలో గీతలు పెడుతున్నా. కొత్త రన్నర్ ఉన్న గంప 90 దగ్గరే విచ్చుకుంది. కొత్త రన్నర్ ఉన్న నడిమిది 400 దాటాక. చూశారా అని ఎగిరి గంతేశా. తర్వాత పాత రన్నర్ ఉన్న గంప, నా మంచి గంప, నేను మూడేళ్ళుగా గర్వంగా అమ్మిన గంప పెట్టాం. 600 దాకా బాగానే వచ్చింది, ఆ తర్వాత ఎడమ పక్క పై మూలలో ఒకసారి జారింది. మళ్ళీ అక్కడే. మళ్ళీ అక్కడే. వాడు "అత్తా, ఇది కూడా పోయింది" అంటున్నాడు, నాకు నోట మాట లేదు.

ఆ మూల సంగతేంటంటే, స్కూలు బ్యాగుల మూలలు గుండ్రంగా గీయడానికి నాన్న టీ గ్లాసు బోర్లించి సుద్దతో గీసేవారు. నేనూ అదే గ్లాసు వాడుతున్నా, అన్ని సైజులకీ. చిన్న బ్యాగ్‌కి సరిపోతుంది. 30 లీటర్ల బ్యాగ్ నిండుగా కుక్కినప్పుడు బట్ట బయటికి తన్నుతుంది, అంత ఇరుకు మలుపులో జిప్పు పక్కకి లాగబడుతుంది, ఎంత మంచి రన్నరైనా అక్కడ తడబడుతుంది. అక్కడ గ్లాసు కాదు, కనీసం సాసరు పెట్టి గీయాల్సింది. అంటే జిప్పులిచ్చిన పెద్దాయన సరుకు చెత్తే, అందులో అనుమానం లేదు, కానీ ఆయనన్న మాటలో సగం నిజం. ఆయనకి మాత్రం నేనింకా ఫోన్ చెయ్యలేదు. ఆపిన సగం డబ్బు కట్టాలో వద్దో కూడా తేల్చుకోలేదు.

మరి సాసరు పెట్టి గీసి గంప కొనసాగించొచ్చు కదా అని మా ఆయన, మావయ్య, మీలో చాలామంది అడుగుతున్నారు. దీని మీదే నెల రోజులు కొట్టుకున్నా. నాకు ఎక్కువ మిగిలేది దాని మీదే. కానీ రిపేరుకి వచ్చిన గంపల్లో ఏముందో చూశాక మనసు ఒప్పుకోలేదండి. ఒకదాంట్లో పులిహోర డబ్బా, పిల్లాడి స్వెట్టరు, నీళ్ళ సీసా, వాటన్నిటి కింద అడుగున కెమెరా. ఇంకొకాయన నాలుగు లెన్సులు మోసుకుని అరకు వెళ్ళొచ్చాడు, ఏది వాడారంటే కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్ అన్నాడు. ఖాళీగా ఉంటే నింపుతాం, ఎవరైనా అంతే, నేనూ అంతే.

ఒకసారి లెక్క వేద్దాం. సోనీ ఏ7 నాలుగో మోడల్ కెమెరా బ్యాటరీ, కార్డుతో కలిపి 658 గ్రాములు, సోనీదే రెండో తరం 24-70 ఎఫ్ 2.8 లెన్స్ 695, అదే తరం 70-200 లెన్స్ ట్రైపాడ్‌కి బిగించే మౌంట్ లేకుండా 1045. ఇవి మూడే దాదాపు 2.4 కిలోలు. గంప ఖాళీ బరువే 1.9. లాప్‌టాప్, చార్జర్లు, ఫ్లాష్ పెడితే ఆరున్నర. విమానంలో ఎకానమీ టికెట్‌కి చేతి సామాను మామూలుగా 7 కిలోలే, స్పేర్ లిథియం బ్యాటరీలు చెక్ ఇన్ సామానులో వేయకూడదు, చేతిలోనే ఉండాలి. ఇక కౌంటర్ దగ్గర బ్యాగ్ విప్పి లెన్స్ జేబులో పెట్టుకునే అవస్థ చాలామంది నాకు చెప్పారు. నడిమిది ఖాళీగా 1.1 కిలోలే. అందులో కెమెరా బాడీ, రెండు లెన్సులు, పై అరలో ఒక జత బట్టలు పడతాయి, రెండు రోజుల ఊరికి చాలు. ఎక్కువ రోజులైతే బట్టలకి వేరే బ్యాగ్ పట్టుకెళ్ళండి, కెమెరాతో కలపకండి.

పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే తిరుగుడుకైతే, భీమిలి బీచ్ అనుకోండి, ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారి ఫొటోలు అనుకోండి, అరకు రైల్లో కిటికీ పక్కన కూర్చోవడం అనుకోండి, చిట్టి చాలు. రైల్లో వీపు బ్యాగ్ పైన అరలో పెడితే సొరంగం దాటి లోయ కనపడేసరికి దించుకునే టైమ్ ఉండదు, చిట్టి ఒళ్ళోనే ఉంటుంది. కొండ ఎక్కాలంటే మాత్రం చిట్టి వద్దు, ఒక భుజం మీద బరువు గంటలో మెడ పట్టేస్తుంది, వంగితే ముందుకి ఊగుతుంది. అమ్మేదాన్నే చెప్తున్నా, వద్దు.

ఏది కొనాలో తేలకపోతే ఒక పని చెయ్యండి. కిందటిసారి ఊరెళ్ళినప్పుడు నిజంగా బయటికి తీసి వాడిన సామాన్లు మాత్రం మంచం మీద పరిచి ఒక ఫొటో తీసి నాకు పంపండి. ఉన్నవన్నీ కాదు, వాడినవి. సగం మందికి చిట్టికి మించి అక్కర్లేదని నాకు గట్టి నమ్మకం. గంపే కావాలంటే బజార్లో పెద్దవి బోలెడు ఉన్నాయి, తీసుకోండి, నేనేం అనుకోను. (కొంచెం అనుకుంటా.)

చైనా నుంచి రెడీమేడ్ తెప్పించి మీ లేబుల్ వేసుకోండి, ఈ తలనొప్పి ఉండదు అని కూడా ఇద్దరు సలహా ఇచ్చారు. ఆ మాట మళ్ళీ అనొద్దు దయచేసి.

కొత్త జిప్పులు జపాన్ కంపెనీ వైకేకేవి, 8 నంబరు, చైన్, రన్నర్ రెండూ ఒకే చోట నుంచి, బిల్లుతో సహా. దీనివల్ల బ్యాగ్‌కి 180 రూపాయలు ఎక్కువ పడుతోంది, కొత్తగా కొనేవాళ్ళకి ధర అంత పెరుగుతుంది, తప్పదు. నారింజ లైనింగ్ మాత్రం మార్చను, నల్ల లెన్స్ మూతలు అందులో టక్కున కనిపిస్తాయి, ఆ ఆలోచన నాదే, అదొక్కటైనా సరిగ్గా చేశా.

రిపేరుకి నాలుగు రోజులు అనుకోండి, పెళ్ళిళ్ళ సీజన్ కాబట్టి పెళ్ళిళ్ళు తీసేవాళ్ళవి ముందు చేస్తాం, మిగతావాళ్ళు ఏమనుకోకండి. ఆ నాలుగు రోజులకీ షాపులో ఉన్న పాత నడిమి బ్యాగులు ఐదు ఉన్నాయి, వాడుకోడానికి ఇస్తా. నారింజ గంపలు ఉన్నవాళ్ళకి రెండు దారులు, మూల విప్పేసి సాసరు కొలతతో మళ్ళీ కుట్టి ఇస్తా, లేదా గంప నాకిచ్చేసి నడిమిది తీసుకుని తేడా డబ్బు పట్టుకెళ్ళండి. పాత బూడిద గంపలు బాగానే నడుస్తున్నాయి, కుక్కకుండా ఉంటే చాలు, ఎడమ మూలలో ఎప్పుడైనా తడబడితే తీసుకురండి, అదీ ఉచితమే.

బీచ్‌కి వెళ్ళొచ్చాక పాత టూత్‌బ్రష్‌తో జిప్పు పళ్ళలో ఇసుక దులిపి, కొవ్వొత్తి ముక్క ఒకసారి రాయండి, సాఫీగా నడుస్తుంది. ఇంట్లో కెమెరా బ్యాగులోనే వదిలేయకండి, మన ఊరి గాలికి ఫోమ్ చెమ్మ పట్టి ఉంచుకుంటుంది, లెన్స్‌లో ఫంగస్ వస్తే నా దగ్గర మందు లేదు.

బ్యాగ్ పంపేముందు అన్ని జేబులూ చూసుకోండి. పోయిన వారం వచ్చిన నడిమి బ్యాగ్ లోపలి జేబులో 64 జీబీ కార్డు ఒకటి దొరికింది, బ్యాగ్ ఎవరిదో పేరు రాసుకోకుండానే మావయ్య కుట్టేసి ఇచ్చేశాడు, కార్డు ఎవరిదో తెలీట్లేదు. అందులో ఏముందో మేం చూడలేదు, గల్లాపెట్టెలో పెట్టాను. కార్డు మీద పెన్నుతో ఒక మాట రాసుంది, అదేంటో చెప్పినవాళ్ళకి ఇచ్చేస్తా.