ఆఫీసుకు లేజర్ ప్రింటర్ కొనేముందు

అందరికీ నమస్కారం. రోజుకు 60 పేజీలు, అన్నీ నలుపు తెలుపే అయితే కలర్ లేజర్ జోలికి పోకండి, నాలుగు టోనర్లు (రంగు పొడి నింపిన డబ్బాలు) మేపాలి. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే డ్యూటీ సైకిల్ (నెలకు తీయగల పేజీలు) గరిష్ఠ పరిమితి మాత్రమే. చూడాల్సింది సిఫార్సు చేసిన నెలవారీ పేజీలు. మీకు 2,000 దాకా ఉంటే చాలు.

అసలు ఖర్చు టోనర్‌దే. దాని ధరను అది ఇస్తుందని చెప్పే పేజీల సంఖ్యతో భాగించండి. ఆ సంఖ్య పేజీలో 5 శాతం మేరే టోనర్ పొడి పడుతుందన్న లెక్క, నిండు పేజీలకు తగ్గుతుంది. కొత్త ప్రింటర్‌తో వచ్చే టోనర్ చాలా మోడళ్లలో పూర్తిది కాదు. డ్రమ్ (పొడిని కాగితం మీదికి చేర్చే రోలర్) విడిగా ఉంటే దాని ధర కూడా అడగండి.

స్టాంప్ పేపర్ మీద ప్రింట్ తీసేవాళ్లు లీగల్ సైజు, మాన్యువల్ ఫీడ్ ఉన్నాయో లేదో షాపులోనే చూసుకోండి. అక్షరాలు వేలికి అంటుకుంటే ఫ్యూజర్ (పొడిని వేడితో కాగితానికి అతికించే భాగం) వేడి చాలట్లేదన్నమాట. సెట్టింగ్స్‌లో పేపర్ రకాన్ని మందం (Thick) అని మార్చండి.

ప్రింటర్‌ను కంప్యూటర్ యూపీఎస్‌కు మాత్రం తగిలించొద్దు. ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, చిన్న యూపీఎస్ ట్రిప్ అవుతుంది. వానాకాలంలో పేపర్ కట్ట విప్పి వదిలేయకండి, చెమ్మ పట్టిన కాగితం ఇరుక్కుంటుంది.