సగం రెక్క చెరిపేశాన్రా

హైదరాబాద్,
ఆదివారం, తెల్లవారుజామున

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తప్పు నాదే, ఎంత తిట్టినా పడతాను. అమ్మ మోకాళ్ళు కాస్త నయం. చెల్లికి వరంగల్ బదిలీ అయింది. నా ఉద్యోగం ఎప్పటిలాగే. కబుర్లు అయిపోయాయి, ఇక అసలు సంగతి విను: గద్ద బొమ్మ పూర్తయింది! రాత్రి పదకొండుకి. అప్పట్నుంచీ నిద్ర లేదు.

మొజంజాహి మార్కెట్ వెనక, మా మేడకి ఎదురుగా వాడకంలో లేని ఇనప ట్యాంకు ఉందని రాశానుగా. మటన్ కొట్లు తెరిచే వేళకి గద్దలన్నీ పైన గిరికీలు కొడతాయి. వాటిలో ఒకటి మాత్రం ఆ ట్యాంకు మీదే వాలుతుంది. ఎడమ రెక్క చివర రెండు ఈకలు లేవు. సంక్రాంతి తర్వాతే అలా చూశాను, మాంజా కోసిందనే నా అనుమానం. నైలాన్ మాంజాని 2017లోనే దేశమంతటా నిషేధించారు. మా సందులో కరెంటు తీగలకి ఇంకా వేలాడుతూనే ఉంది. అది చూసినప్పుడల్లా... సరే, వద్దులే.

మూడడుగుల కాన్వాసు. వెనకంతా అబ్‌స్ట్రాక్ట్. ట్యాంకు తుప్పు, సందుగోడ మీద ఒకదానిపై ఒకటి అంటించి చించేసిన సినిమా పోస్టర్లు, 1935 నాటి ఆ మార్కెట్ గ్రానైట్ బూడిదరంగు. తుప్పులాంటి బర్న్ట్ సియెన్నా రంగు పల్చగా పారించి, పాలెట్ నైఫ్‌తో తెలుపు లాగి, ఆరకముందే గుడ్డతో తుడిచాను. చిత్రకారుడు సూర్యప్రకాశ్ గారి బొమ్మల్లోని తుక్కు కార్ల తుప్పు గురించి మనం రాత్రిళ్ళు వాదించుకున్నదంతా ఇప్పుడు పనికొచ్చింది. దాని మీద గద్దని సన్నటి రిగ్గర్ బ్రష్‌తో ఈక ఈకా వేశాను. కుడి రెక్క ఒక్కదానికే పంతొమ్మిది రోజులు పట్టింది. రెక్క బాగా కుదిరింది కూడా. కానీ దూరంగా నిలబడి చూస్తే పక్షి పక్షే, గోడ గోడేరా! రంగు తప్పేమో అని నలుపు మానేసి అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ అంబర్ గోధుమరంగు కలిపి వేశా. అయినా అతికించినట్టే ఉంది.

మొన్న గురువారం సాయంత్రం ముసురు పట్టింది. గద్ద ట్యాంకు మీంచి లేచింది. మాస్టారు చెప్పినట్టు కళ్ళు చికిలించి చూశాను. కుడి రెక్క కొస, వెనక మబ్బు ఒకే ముదురు! మధ్యలో అంచే లేదు. తోక పూర్తిగా విప్పేసరికి దాని కొసన ఉండే చీలిక కూడా పోయి విసనకర్రలా తిన్నగా అయిపోయింది. స్పష్టంగా కనబడ్డవి మూడే: ముక్కు, కంటి వెనక నల్లమచ్చ, ఎడమ రెక్కలో ఆ ఖాళీ.

లోపలికి పరుగెత్తి, ఎమెరీ పేపర్ తీసుకుని, పంతొమ్మిది రోజుల రెక్కని కొసనుంచి సగందాకా రుద్దేశాను. చెయ్యి వణికిందిరా. తర్వాత వెనకున్న తుప్పురంగునే నీళ్ళలా పల్చన చేసి రెక్క మీదుగా పొరలు పొరలుగా లాగాను. తుప్పు ఈకల్లోకి వచ్చింది, ఈకల గోధుమరంగు గోడలోకి పోయింది. అప్పుడు లేచిందిరా గద్ద, నిజంగా లేచింది!

ఎడమ రెక్క మాత్రం ముట్టుకోలేదు. ఆ ఖాళీలోంచి పోస్టరు ముక్క ఒకటి ఎర్రగా కనబడుతుంది. దాని చుట్టూ అంచులు బ్లేడుతో కోసినంత పదునుగా ఉంచాను. ఆ పక్షికి జరిగింది మసకబారకూడదు.

కన్ను గురించి నిన్ను అడగాలి. ముదురు గోధుమరంగులో నేను పెట్టిన తెల్లచుక్క కాస్త ఎక్కువైనట్టుంది. ఆరో నంబరు గదిలో గుడ్లగూబ బొమ్మకి నువ్వు చేసినట్టు నీలం తగిలించనా? ఫోటో తీద్దామంటే ట్యూబ్‌లైటుకి తుప్పంతా పచ్చగా పడుతోంది, ఎండ వచ్చాక తీసి

నల్లా వచ్చింది! గంటే ఉంటుంది, అమ్మ బిందెలు ఎత్తలేదు. కన్ను సంగతి వెంటనే రాయి.

నీ
రాము