బండి ఎంత ఇస్తోందని అడిగారు కదా నాన్నా

లబ్బక్, టెక్సాస్
ఆదివారం రాత్రి

నాన్నగారికి, అమ్మకి పెద్దమ్మాయి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ మీరు, అమ్మ, చిన్నోడు, వాడి కొత్త పికప్పు అందరూ క్షేమమని తలుస్తాను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటారేమో. ఫోనులో మీకు సగం వినపడదు, వినపడని సగానికి "ఆఁ ఆఁ" అనేస్తారు. వాట్సాప్‌లో రాస్తే మీకంటే ముందు చిన్నోడు చదివేసి, తనకి నచ్చని ముక్కలు దాటేసి మిగతావి వినిపిస్తాడు. అందుకే కాగితం పట్టాను. తప్పులుంటే మీరే దిద్దుకోండి. బడిలో చదివింది ఒడియా, ఈ తెలుగు ఇంట్లో మీరు నేర్పిందే. అయినా గిడుగు వారు మన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పినాయనే కదా. మాట్లాడినట్టే రాయమన్నారు, నేనూ అలాగే రాసేస్తున్నాను.

పని సంగతి రాయడానికేం లేదు. ల్యాబు, ఇల్లు, మళ్లీ ల్యాబు. ఈ నెల శనివారాలు కూడా వెళ్తున్నాను. ఎక్కువ గంటలకి ఎక్కువ డబ్బులిస్తారు, అంతే. అమ్మ కంగారు పడక్కర్లేదు, తింటున్నాను, పడుకుంటున్నాను.

ఇంక అసలు సంగతి. పోయిన నెల బండి ఫోటో పంపితే మీరు ఒక్కటే మాట అడిగారు. "ఎంత ఇస్తోంది?" బాగుందనలేదు, ఎంతకి కొన్నారనలేదు. నేను "బాగానే ఇస్తోంది నాన్నా" అనేసి ఫోను మీ అల్లుడి చేతిలో పెట్టేశాను. అది అబద్ధం. ఆ రోజు నుంచీ గుచ్చుకుంటూనే ఉంది. మీతో అయితే ఇంకేదైనా అబద్ధం ఆడగలను గానీ మైలేజీ దగ్గర ఆడలేను. నేను భాగహారం నేర్చుకున్నదే మీ డీజిల్ డైరీలో. తేదీ, లీటర్లు, మీటరు, ఎక్కడికి అని నాలుగు గడులు మీరు నింపేవారు, చివరి గడి నాది. పదికి తగ్గితే తెల్లారి జీపు మెకానిక్కు దగ్గర ఉండేది. పదకొండు దాటితే నాకు జిలేబీ వచ్చేది. అందుకే ఇక్కడా ఒక పుస్తకం పెట్టాను. మీ అల్లుడికి మొదట్లో తెలీదు.

బండి కొన్నప్పుడు మామూలుగానే ఉంది. సెకండ్ హ్యాండ్ పెట్రోలు పికప్పు, నాలుగు చక్రాలూ లాగుతుంది. ఇక్కడ గ్యాలనుకి ఇన్ని మైళ్లు అని చెప్తారు. అప్పుడు 18 ఇచ్చేది, అంటే మన లెక్కలో లీటరుకి ఏడున్నర పైన. అంత పెద్ద శాల్తీకి అదే గొప్ప. తర్వాత ఒక శని, ఆదివారాలు మీ అల్లుడూ ఆయన స్నేహితుడూ గ్యారేజీలో దూరి, బండిని ఆరు అంగుళాలు పైకి లేపే లిఫ్ట్ కిట్ కింద వేసి, 35 అంగుళాల బురద టైర్లు ఎక్కించారు. అంతకు ముందున్నవి 31న్నర. మీకు పంపిన ఫోటో ఆ తర్వాతది.

మొదటిసారి ట్యాంకు నింపి లెక్క కడితే 13 వచ్చింది. లీటరుకి అయిదున్నర! ట్యాంకు కారుతోందేమోనని కిందికి వంగి చూశాను కూడా. ఇంతలో మీ మాటే గుర్తొచ్చింది, ముందు మీటరుని అనుమానించు, తర్వాత ఇంజనుని అని. ఆ ఆదివారం అమరిల్లో అనే ఊరికి వెళ్తుంటే రోడ్డు పక్క మైలు నంబర్లు చూసుకుంటూ కూచున్నాను. పది మైళ్లు దాటేసరికి మీటరు తొమ్మిదే చూపించింది. పెద్ద చక్రం ఒక చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, మీటరేమో పాత చక్రం కొలతతోనే లెక్కపెడుతోంది. అది సరిచేసి చూస్తే 14 పైన, మన లెక్కలో లీటరుకి ఆరు. అంటే పడిపోయినదాంట్లో కొంత ఉత్తుత్తిదే. మిగతాది మాత్రం నిజంగా పోయింది.

స్పీడు ముల్లుదీ అదే కథ. అది 65 చూపిస్తుంటే నిజానికి 70 దాటిపోయేది. ఆ సంగతి మా ఇద్దరికీ ఒక పోలీసాయన చెప్పాడు, కాగితం చేతిలో పెట్టి మరీ. అమ్మకి చదివేటప్పుడు ఈ ముక్క వదిలేయండి. ఇప్పుడు బండి కంప్యూటరులో కొత్త టైరు కొలత ఎక్కించారు, మీటరు సరిగ్గానే ఉంది.

చిన్నోడు అడిగాడు కదా, "పెద్ద చక్రమైతే ఇంజను తక్కువ తిరుగుతుంది, అలాంటప్పుడు తక్కువ తాగాలి కదా అప్పా" అని. వాడి లెక్క వినడానికి బాగానే ఉంటుంది. మీ అల్లుడూ మొదట అదే అన్నారు. కానీ తక్కువ తిరిగే ఇంజను అంత పెద్ద చక్రాన్ని తిప్పాలంటే ఎక్కువ ఆయాసపడాలి. ఇరుసులో చక్రాల్ని తిప్పే పళ్ల చక్రాలు, అదే క్రౌను పినియను, మార్చలేదు కదా, గేరు బరువైపోయింది. సెరంగ ఘాటీలో నిండు లోడుతో మీరు మూడో గేరులో ఎక్కబోయి, జీపు ముక్కుతుంటే మళ్లీ రెండులోకి దిగేవారు చూడండి, ఈ బండి చదును రోడ్డు మీద ఆ పని చేస్తోంది. ఎదురుగాలి కాస్త గట్టిగా కొడితే చాలు, టాప్ గేరులో నిలవదు, దానంతటది కిందికి దిగిపోతుంది. ఈ ఊళ్లో గాలి లేని రోజేది? ముందూ వెనకా పినియన్లు మార్చుకుంటే కొంత దారికొస్తుందట. నాలుగు చక్రాల బండికి రెండూ మార్చాల్సిందే. దానికి చెప్పిన ఖర్చు విని మీ అల్లుడు ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు.

బరువొకటి. టైర్లు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చిన రోజు, స్నానాల గదిలో ఉండే తూకం గ్యారేజీలోకి పట్టుకొచ్చాను. పాత చక్రం రిమ్ముతో కలిపి 30 కేజీలు. కొత్తది తూకం మీద ఆగక దొర్లిపోతుంటే, మీ అల్లుడే దాన్ని బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తూకమెక్కారు. ఆయన బరువు తీసేస్తే 46. నాలుగింటికీ కలిపి 64 కేజీలు ఎక్కువన్నమాట. ట్రక్కులో వేసుకునే సరుకు బరువు అది కాదు, ఆగిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి తిప్పాల్సిన బరువు. ఊళ్లో సిగ్నలు సిగ్నలుకీ తెలిసిపోతుంది. బ్రేకు కూడా ముందుకంటే గట్టిగా తొక్కాలి. ఆ బురద టైర్ల గుబ్బలు తారు రోడ్డు మీద గుయ్యిమంటాయి, రేడియో వినపడదు.

అన్నిటికంటే ఎక్కువ తాగించేది గాలి. ఎత్తుకి ఎత్తూ, టైరు పెరిగినందుకు ఇంకో రెండంగుళాల దాకా, బండి మొత్తం గాలికి ఎదురుగా గోడలా లేచింది. కింద ఖాళీలో గాలి దూరి చిందరవందర చేస్తుంది. మీ అల్లుడు కాగితం మీద లెక్క వేసి చూపించారు. వేగం 60 నుంచి 75కి పెరిగితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుందట. నాకు కాగితం నమ్మకం లేదు, మీ కూతుర్ని కదా. తర్వాతి వారం అదే అమరిల్లో రోడ్డు మీద 60 దాటకుండా తోలించాను. వెనకవాళ్లందరూ హారన్లు కొట్టుకుంటూ దాటిపోయారు. ఇంటికొచ్చి లెక్క కడితే 16 వచ్చింది. బండిలో ఏమీ మార్చలేదు, కాలొక్కటే తేలిక చేశాం.

మొత్తం మీద ఏడాదికి మేం తిరిగే 12,000 మైళ్లకి దగ్గర దగ్గర 630 లీటర్లు ఎక్కువ. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే మూడు డ్రమ్ములు. మన వీధి వసారాలో వరసగా నిలబెట్టిన మూడు నిండు డ్రమ్ములు తలుచుకోండి. ఆ మాట అనగానే మీ అల్లుడు మాట్లాడకుండా లేచి వెళ్లి టీ పెట్టారు.

ఆయన్ని ఏమీ అనకండి నాన్నా. పత్తి పొలాలకి వెళ్లే ఉద్యోగం, పికప్పు అవసరమే. ఎత్తు అవసరమా అంటే, ఏడాదంతా కలిపి 20 అంగుళాలు కూడా వాన పడని ఊళ్లో బురదెక్కడిది? మోజు, అంతే. టెక్కలిలో కాలేజీకి సైకిలు మీద వెళ్లిన మనిషి, ఒక మోజు తీర్చుకున్నారు. అది ఆయన జీతంలోంచే. మీరు పైకి అనలేదు గానీ మేడ కారుతుంటే వీళ్లకి ఈ బండేమిటి అని మీకు అనిపించి ఉంటుంది. తిత్లీ తుఫాను నాటి రేకులు ఇంకా అలాగే ఉన్నాయని నాకు తెలుసు. ఆ డబ్బు విడిగా ఉంది, నా శనివారాలవి. వానల లోపల పంపిస్తాను. ఈసారి చిన్నోడి కిస్తీకి సర్దేయకుండా రేకులకే వాడండి.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. ఆ ఎత్తు నాకూ నచ్చింది. సాయంత్రం అందులో కూచుంటే పత్తి చేలు కొసదాకా కనిపిస్తాయి. చిన్నప్పుడు సంత రోజున మీ జీపు ముందు సీట్లో, వెనక అల్లం బస్తాల వాసన వస్తుంటే, మీ మోచెయ్యి పట్టుకుని మహేంద్రగిరి వైపు చూసిన ఎత్తు అది. ఇన్నాళ్లకి మళ్లీ అక్కడ కూచున్నట్టు అనిపించింది. అందుకే పుస్తకంలో అంకెలు కనిపిస్తున్నా కొన్నాళ్లు నోరెత్తలేదు.

ఇక్కడి నుంచి చిన్నోడికి గట్టిగా చదివి వినిపించండి.

ఒరే, ఆ ఫోటో పంపింది నేనే, తప్పు నాదే. నీ బండి కమాన్ల కింద దిమ్మలు పెట్టించి పెద్ద టైర్లు వేయిస్తానన్నావట. నాది షోకు బండి, నీది కూడు పెట్టే బండి. నువ్వు ఎత్తు పెంచితే హమాలీలు ప్రతి బస్తా ఇంకో జానెడు పైకి ఎత్తాలి, కూలీ వాళ్లే పెంచుతారు. అనాసపళ్ల లోడుతో ఆర్. ఉదయగిరి మలుపుల్లో బండి ఎత్తు పెరిగితే ఎటు ఒరుగుతుందో నాన్నని అడుగు, నన్నడక్కు. ఒడిశా వైపు డీజిల్ చౌక, పాతపట్నం బళ్లు కూడా మన బంకుకే వస్తాయి అంటావు. చౌకని నేల మీద ఒలకబోసుకుంటావా? పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన కొలతలు ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేపేదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లకి సాకు నువ్వే చేతికిచ్చినట్టు. అంతగా ముచ్చటగా ఉంటే ముందు అద్దం మీద పేరు రాయించుకో, నేను డబ్బులిస్తాను. టైర్లలో గాలి వారానికోసారి చూసుకో. అది చేసినా మైలేజీ పెరుగుతుంది, పైసా ఖర్చు లేదు.

సరే, వాడి భాగం అయిపోయింది.

అమ్మకి. వీసా కాగితాలన్నీ పెద్ద కవరులోనే ఉంచు, దేవుడి గూట్లో పెట్టకు, కుంకుమ అంటుకుంటుంది. మోకాలి నూనె ఇక్కడ దొరకదు, తెచ్చుకో. పనసపొట్టు ఎండబెట్టింది కొంచెం. డాలస్‌లో తెలుగువాళ్ల కొట్లలో అన్నీ ఉంటాయి గానీ మాకు అయిదు గంటల ప్రయాణం, పైగా ఈ బండిలో.

బండంటే గుర్తొచ్చింది. మా అత్తగారు వచ్చినప్పుడు ఆవిడ ఎక్కడానికి ప్లాస్టిక్ స్టూలు వేయాల్సొచ్చింది. ప్రతి కొట్టు దగ్గరా స్టూలు దించడం, ఎక్కించడం. వెళ్లే ముందు రోజు ఆవిడ "నేను ఇంట్లోనే ఉంటానులే" అన్నారు. నీ మోకాళ్లతో అది కుదరదమ్మా. పాత స్ప్రింగులూ పాత చక్రాలూ గ్యారేజీలోనే ఉన్నాయి. నువ్వొచ్చే లోపు బండి ఎత్తు దించేయమని మీ అల్లుడితో అన్నాను. రెండు రోజులు మూతి ముడుచుకున్నారు. నిన్న పొద్దున్న చూస్తే, కిట్ అమ్మకానికి పెట్టడానికి ఫోటోలు తీస్తూ కనిపించారు. నేను చూడనట్టే లోపలికి వచ్చేశాను.

నాన్నా, మీ సుగరు మాత్రలు పూటకి వేసుకుంటున్నారా? కళ్లు చూపించుకోవడానికి బరంపురం వెళ్తానన్నారు, వెళ్లారా? వెళ్లకపోతే చిన్నోడి బండిలో మాత్రం వద్దు, రైలెక్కండి.

ఒక పని చేసి పెట్టండి. పాత డైరీలు అటక మీద ట్రంకు పెట్టెలో ఉన్నాయి కదా, వాటిలో 1998ది తీసి, వానాకాలం పేజీలు చిన్నోడి చేత ఫోటో తీయించి పంపండి. ఘాటీలో నిండు లోడుతో జీపు ఎంత ఇచ్చేదో చూడాలి. ఆ గడి నింపింది నేనే గానీ అంకె గుర్తు రావడం లేదు.

మీ
పెద్దమ్మాయి