షెడ్డు ఎందుకు మూశానంటే

మా షెడ్డుకు బండ్లు తెచ్చే ఓనర్లకు, డ్రైవరన్నలకు నమస్కారం.

పొల్యూషన్ బోర్డు వాళ్లు వచ్చి మా షెడ్డుకు సీలు వేశారని ఆటోనగర్‌లో చెప్పుకుంటున్నారట. ఎవరూ రాలేదు, ఏ సీలూ పడలేదు. షట్టర్ దించింది నేనే. వరి కోతల సీజన్‌లో, మీ బండ్లు లోపల ఉండగా దించాను కాబట్టి ఎందుకో చెప్పాల్సిన బాధ్యత నాది.

హైడ్రాలిక్ ఆయిల్ లోడు దింపుతుంటే ఒక డ్రమ్ము అడుగు అంచు దగ్గర విచ్చుకుంది. నిండు డ్రమ్మంటే 210 లీటర్లు. మా కుర్రాళ్లు చిల్లి పైకి వచ్చేలా దాన్ని తిప్పి పడుకోబెట్టేలోపే సగానికి పైగా నేలపాలైంది.

ఆ డ్రమ్ము సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పైన నీలం పెయింటు కొత్తగా మెరుస్తోంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే లోపలంతా తుప్పే. మాకు ఆయిల్ సప్లయి చేసేవాడు పాత డ్రమ్ముకు రంగేసి పంపాడన్నమాట! ఏళ్ల తరబడి అతను చెప్పిన రేటుకే కొన్నవాణ్ని. ఫోన్ చేస్తే “మీ కుర్రాళ్లు పడేసి ఉంటార్లెండి” అన్నాడు. దింపింది అతని మనుషులే, అదీ పాత టైరు మీదకి నిదానంగా. ఫొటోలు పంపాను. చూశాడు, జవాబు లేదు. బిల్లు మాత్రం ఆ డ్రమ్ము రేటుతో సహా మర్నాడే వచ్చింది. ఆ డ్రమ్మును గేటు పక్కనే ఉంచాను, అనుమానం ఉన్నవాళ్లు గీకి చూసుకోవచ్చు.

నూనె పారుతుంటే అతని మనిషే సలహా ఇచ్చాడు: “సర్ఫ్ చల్లి నీళ్లు కొట్టండన్నా, అరగంటలో పోద్ది.” పోతుంది, డ్రైనేజీలోకి. మా వెనక ఆయిల్ ట్రాప్, అంటే డ్రైనేజీలోకి పోకుండా నూనెను ఆపే తొట్టి, పనిచేసేది నూనె నీటి మీద తేలుతుంది కాబట్టి. సర్ఫ్ పడితే నూనె సన్నటి చుక్కలుగా విడిపోయి నీళ్లలో కలిసిపోతుంది, ట్రాప్ దాన్ని పట్టుకోలేదు.

అయినా ఊగిసలాడాను. నీళ్లు కొడితే సాయంత్రానికి మీ బండ్లు బయటపడేవి. ఒకాయన గేర్‌బాక్స్ విప్పి ఉంది, లోడేమో రైస్ మిల్లు దగ్గర ఆగి ఉంది. ఆయనే పైపు అందుకుంటే లాక్కున్నాను. మా తమ్ముడు కూడా, “వీధంతా నీళ్లు కొట్టేస్తుంటే నువ్వొక్కడివి ఆపితే కాలువ బాగుపడుతుందా?” అన్నాడు. రాత్రంతా అదే బుర్రలో తిరిగింది. వాడికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. నీళ్లు మాత్రం కొట్టలేదు, ఇక ముందూ కొట్టను.

వెల్డింగ్, గ్రైండింగ్ ఆపించి, డ్రైనేజీ మూతికి ఇసుక బస్తాలు అడ్డం పెట్టాం. రంపపు పొట్టును ముందు చుట్టూ గట్టులా పోసి, తర్వాత మధ్యలో చల్లాం. బ్యాటరీల మూలకు మాత్రం పొట్టు తగలనివ్వలేదు, యాసిడ్ కారే చోట వేయాల్సింది వంట సోడా. పైపైన ఎత్తేసినా సిమెంటు నేల నూనె పీల్చుకుంటుంది, మళ్లీ పొట్టు వేసి చీపురుతో రుద్దాల్సిందే. జిడ్డు నేల మీద జాకీ నిలవదు. జాకీ జారితే కింద ఉండేది మా కుర్రాడే. అందుకే అన్ని రోజులు పట్టింది.

తడిసిన పొట్టు కొంటామని ఇటుక బట్టీ వాళ్లు వచ్చారు. ఇవ్వలేదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల రూల్స్‌లో వాడేసిన ఆయిలే కాదు, నూనె తుడిచిన గుడ్డలూ ఉన్నాయి. మామూలుగా 90 రోజులకు మించి దగ్గర పెట్టుకోకూడదు, పర్మిషన్ ఉన్నవాళ్లకే అప్పగించాలి. మూత డ్రమ్ముల్లో కట్టి అలాగే పంపాను. డబ్బు రాలేదు సరికదా, ఎదురిచ్చాను.

ఇప్పుడు షెడ్డు తెరిచే ఉంది. ఆగిపోయిన బండ్లకు లేబర్ చార్జీ తగ్గించాను, ఎవరూ అడగక్కర్లేదు. కొత్త చోట కొంటున్నాం కాబట్టి హైడ్రాలిక్ ఆయిల్ రేటు కొంచెం పెరుగుతుంది. పాతవాడు సగం రేటుకిచ్చినా నాకొద్దు.

అతని తరఫున మాట్లాడటానికి వస్తున్న పెద్దలకు ఒక మాట. రండి, టీ తాగండి. ఆ డ్రమ్ము బిల్లు మాత్రం కట్టను.