కార్తె చుక్కలు కనిపించేది ఇప్పుడే

సంపాదకులకు,

మృగశిర, ఆరుద్ర కార్తెలు ఏ రోజు వస్తాయో ఏటా జూన్‌లో వేస్తారు. ఆ పేరున్న చుక్కలు మాత్రం అప్పుడు కనిపించవు. సూర్యుడు వాటి దగ్గరికి రావడమే కార్తె, కాబట్టి అవి పొద్దుతో పాటే పొడిచి పొద్దుతో పాటే కుంకుతాయి. వాటిని చూడాల్సింది సంక్రాంతి రోజుల్లో. పండక్కి ముందు ఈ వివరం కూడా వేయండి.

జనవరి మధ్యలో రాత్రి ఎనిమిదింటికి ఏటిగట్టెక్కి తూర్పుకు తిరగాలి. కొబ్బరి తోటలో నిలబడితే మట్టలే కనిపిస్తాయి. తల సగానికి పైగా ఎత్తితే మూడు చుక్కలు ఒకే వరుసలో, దాదాపు నిలువుగా ఉంటాయి. చలిదేశాల పుస్తకాల్లో ఈ మూడు చుక్కలు నడికట్టుగా ఉన్న ఓరియన్ అనే వేటగాడు (చుక్కల గుంపు) నిటారుగా నిలబడి ఉంటాడు, మనకు పక్కకు ఒరిగి పైకొస్తాడు. చాలామంది పొరబడేది ఇక్కడే. వరుసకు ఎడమన ఎర్రనిది ఆరుద్ర, కుడివైపు నీలి తెలుపుది రైజెల్. వరుసను కిందికి సాగదీస్తే ధగధగలాడే సిరియస్. అది 8.6 కాంతి సంవత్సరాల (వెలుగు ఒక ఏడాదిలో సాగే దూరం ఒక కాంతి సంవత్సరం) దూరంలోనే ఉంది, రైజెల్ ఎనిమిది వందలకు పైమాటే.

మూడు చుక్కలకు కుడివైపు కాస్త దిగువన, చేయి చాచి మూడు వేళ్లు పెట్టినంత దూరంలో, మసక మచ్చ ఒకటుంది. అదే ఓరియన్ నీహారిక, సుమారు 1,300 కాంతి సంవత్సరాల అవతల కొత్త నక్షత్రాలు పుడుతున్న వాయుమేఘం. పదింటికి బాగా ఎత్తుకొస్తుంది. 7×50 లేదా 10×50 బైనాక్యులర్ (ఏడు లేదా పది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 50 మి.మీ.) చాలు, మోచేతులు పిట్టగోడకు ఆనించాలి. ఫొటోల్లోని గులాబీ రంగు కోసం చూస్తే నిరాశే. అంత తక్కువ వెలుతురులో కంటికి రంగు తెలియదు, బూడిద రంగు పొగలా కనిపిస్తుంది. నేరుగా కాక కాస్త పక్కకు చూస్తే ఇంకా తేటపడుతుంది. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోన్ తెరిచారా, మళ్లీ మొదటికే. రొయ్యల చెరువుల లైట్లు వీపు వైపు ఉండేలా నిలబడాలి. అమావాస్య దగ్గరి రాత్రులు మేలు, భోగి పొగ ఉన్న రాత్రి వద్దు.

బైనాక్యులర్ అద్దాల మీద మంచు పడితే తువ్వాలుతో రుద్దకండి, ఇసుక రేణువులు గీతలు పెడతాయి. అట్టముక్కను గొట్టంలా చుట్టి ముందే తొడిగితే మంచు ఆలస్యంగా పడుతుంది.

ఆరుద్ర రేపోమాపో పేలిపోతుందని మళ్లీ వార్తలొస్తున్నాయి. 2019 చివర్లో అది మసకబారితే ఇదే గోల. తీరా చూస్తే అది వెదజల్లిన ధూళి అడ్డొచ్చిందని తేలింది, 2020 వేసవికి మామూలు వెలుగుకు వచ్చింది.

— ఒక పాఠకుడు, అమలాపురం