గీజర్ బిగించే ముందు ఇది చదివెయ్ మావా

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మావా,

ఎలగున్నావ్రా? మీ అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో "గీజర్ కొనేశాను, బుధవారం ప్లంబర్ వచ్చి బిగించేస్తాడు" అని చెప్పి పెట్టేశావు గానీ అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తన్నాను, కొంచెం పొడుగైనా మొత్తం చదువు.

ముందు ఒక మాట, గీజర్ కొనడం మంచి పని. సిరిమాను పండక్కి మీ ఇంటికొచ్చినప్పుడు చూశాను కదా, ఇనప బకెట్లో హీటర్ రాడ్ వేలాడుతోంది, స్విచ్ ఆన్‌లోనే ఉంది, మీ నాన్నగారు నీళ్లు కాగాయో లేదోనని వేలు పెట్టబోతే నేను చెయ్యి పట్టుకుని లాగేశాను. ఆ రాడ్ ఇంట్లోంచి పోతే నాకు సగం బెంగ తీరుతుంది. మిగతా సగం ఏటంటే, మా ఇంట్లో జరిగింది మీ ఇంట్లో జరగకూడదు.

నీకు పూర్తిగా చెప్పలేదు కదా. పోయిన ఏడాది మా మేడ మీద బాత్రూంలో షవర్ సన్నగా వస్తోందని ట్యాంకు కింద ప్రెషర్ పంపు పెట్టించాం. అప్పట్నుంచీ గీజర్ కింద చన్నీళ్ల వైపు ఉండే సేఫ్టీ వాల్వ్ (లోపల ప్రెషర్ ఎక్కువైతే నీళ్లు బయటికి వదిలేది) నుంచి, గీజర్ వేసినప్పుడల్లా చుక్కలు పడేవి. కింద నేల ఎప్పుడూ తడి, అమ్మ జారిపోతుందేమోనని నాకు భయం. ప్లంబర్ని పిలిస్తే చూసి, "వాల్వ్ లీకు సార్" అని ఆ వాల్వ్‌కి చుక్కలు పడే చిన్న గొట్టానికి డమ్మీ మూత బిగించేసి వెళ్లిపోయాడు. చుక్కలు ఆగిపోయాయి, అందరం సంతోషించాం. పది రోజులు తిరక్కుండా ఒక తెల్లారుజామున ఢామ్మని చప్పుడు. వెళ్లి చూస్తే వేణ్ణీళ్ల వైపు హోస్ పైపు నట్టు దగ్గర ఊడిపోయి పొగలు కక్కుతూ నీళ్లు ఎదర గోడకి కొడతన్నాయి. అమ్మ అప్పుడే స్నానానికి టవలు తీసుకోడానికి గదిలోకి వెళ్లింది. ఒక్క నిమిషం తేడా మావా. ఇప్పుడు రాస్తంటే కూడా ఒళ్లు జలదరిస్తోంది.

తర్వాత నాకు నిద్ర పట్టక అసలు ఇలగ ఎందుకైందో తెలుసుకున్నాను. ఎసరు పొంగడం చూస్తాం కదా, పొంగకముందు కూడా వేడెక్కిన నీళ్లు కొంచెం పెరుగుతాయి, మన కంటికి కనపడదంతే. గీజర్లో 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకి వెళ్లేసరికి ఇంచుమించు పావు లీటరు పెరుగుతాయి. వెనక్కి దారి ఉంటే ఆ పావు లీటరు పైపులోంచి మెల్లగా ట్యాంకులోకి పోతుంది, ఎవరికీ తెలీదు. కానీ సేఫ్టీ వాల్వ్ లోపల నీళ్లు వెనక్కి పోకుండా ఒక నాన్ రిటర్న్ కూడా ఉంటుంది. అది ఉండాలి కూడా, లేకపోతే ట్యాంకు ఖాళీ అయిన రోజు గీజర్ ఖాళీ అయిపోయి లోపల నీళ్లు కాచే ఎలిమెంట్ పొయ్యి మీద ఒట్టి పెనంలా కాలిపోతుంది. మరి వెనక్కి దారి లేదు, ముందు కుళాయి కట్టేసి ఉంది, ఆ పావు లీటరు ఎటు పోవాలి? ఆ చిన్న గొట్టంలోంచి చుక్కలుగా పోవాలి. అది లీకు కాదురా, అది దాని డ్యూటీ. మేం ఆ నోరు నొక్కేశాం.

కొత్త హోస్ వేయించేటప్పుడు వేణ్ణీళ్ల లైన్లో మూడు మూతుల టీ జాయింటు ఒకటి పెట్టించి ప్రెషర్ గేజ్ తగిలించాను, నా కళ్లతో చూస్తే గానీ నమ్మనని. పంపు ఆగాక ముల్లు 2 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలతలే) దగ్గరుంది. కుళాయి కట్టేసి గీజర్ వేశాను. ముల్లు కదులుతోందా లేదా అనుకునేలోపే 3 దాటింది, 5, 6, ఇంకా లైటు ఆరలేదు, 8 దగ్గరకొచ్చేసరికి సేఫ్టీ వాల్వ్ గొట్టం చివర ఒక బొట్టు ఊరింది, ఊరి ఊరి రాలింది, వెనకాలే ఇంకోటి. ముల్లు అక్కడే నిలబడిపోయింది. ఆ బొట్టు చూసి నేను దండం పెట్టుకున్నాను, నిజంగా. మా గీజర్ లేబుల్ మీద కూడా 8 బార్ అనే ఉంది. నీదేటో చూడు, కొన్నిటికి 6.5 ఉంటుంది, అప్పుడు వాల్వ్ దానికి తగ్గదే ఉండాలి, పెట్టెలో వచ్చిందే వాడించు.

ఇంకో సంగతి. నీళ్లు కాగాక కరెంటు ఆపే థర్మోస్టాట్ పాడై, అది ఆపకపోతే ఆపాల్సిన కటౌట్ కూడా పని చెయ్యక, వాల్వ్ కూడా మూసేసి ఉంటే అప్పుడు ఊడేది హోస్ పైపు కాదు. 8 బార్ ప్రెషర్లో నీళ్లు 170 డిగ్రీలు దాటినా మరగవు, నీళ్లలాగే ఉంటాయి. ట్యాంకు ఎక్కడో చీలిన క్షణంలో అందులో కొంత ఒక్కసారిగా ఆవిరైపోతుంది, నీళ్లు ఆవిరైతే 1600 రెట్లు చోటు కావాలి. గీజర్ పేలింది అంటారే, అదన్నమాట. అందుకే ఈ మూడింట్లో దేన్నీ ఎవరి చేతా బైపాస్ చేయించకు, రిపేరుకి వచ్చినోడు "తాత్కాలికంగా డైరెక్ట్ చేసేస్తాను" అన్నా సరే ఒప్పుకోకు.

మీ ఇంటికి పంపు అవసరమే లేదనుకుంటున్నాను. 10 మీటర్ల ఎత్తుకి సుమారు 1 బార్ లెక్క. మీ ట్యాంకు డాబా పైన, బాత్రూం కింద, మధ్యలో 6 మీటర్లు ఉంటుందేమో, అంటే 0.6 బార్, బకెట్ స్నానానికి అది చాలు. ఎవరో చెప్పారని పంపు పెట్టించకు. పెట్టాల్సొస్తే 1.5 బార్ మించకుండా సెట్ చేయించు. ఆ వాల్వ్ గొట్టానికి సన్న పైపు తొడిగి కిందకి వాల్చి నేల జాలీ దాకా వదిలెయ్యి, చివర తెరిచే ఉండాలి, దాని మీద ఏ కుళాయీ వద్దు. నేలా తడవదు, అమ్మకీ భయం ఉండదు. వాల్వ్ మీద చిన్న లీవర్ ఉంటుంది, నెలకోసారి గీజర్ ఆపేసి, నీళ్లు చల్లారాక ఎత్తి వదులు, లోపల సున్నం పేరుకోకుండా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కూడా చుక్కలు ఆగకుండా పడితే మాత్రం చెత్త ఇరుక్కుందనో ప్రెషర్ ఎక్కువైందనో లెక్క, చూపించు.

వేణ్ణీళ్ల వైపు తెల్ల పీవీసీ వేస్తానంటే వద్దను, వేడికి మెత్తబడిపోద్ది, వేడి తట్టుకునే సీపీవీసీ పైపు వేయించు. గోడ కూడా చూసుకో, నీళ్లతో కలిపి పాతిక కిలోల దాకా ఉంటుంది, నాలుగు అంగుళాల అడ్డుగోడకి తగిలించనివ్వకు.

కరెంటు సంగతి ప్లంబర్కి వదిలెయ్యకు, ఎలక్ట్రీషియన్నే పిలువు. 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, మీ బాత్రూం బయట ఉన్న చిన్న 6 ఆంపియర్ల ప్లగ్గు చాలదు. విడిగా లైను, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే పడిపోయే స్విచ్), దానికి తోడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసేది). ఈ చివరిది ఖర్చు దండగ అంటాడు ఎవడో ఒకడు, వినకు. ఎంసీబీ వైరుని కాపాడుద్ది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుద్ది. ఎర్త్ సరిగ్గా ఉందో లేదో మీటరు పెట్టి చూడమను. మీది పాతిల్లు కదా, ఎర్త్ వైరు ఉండొచ్చు గానీ ఆ చివర అది దిగే నేలలో గొయ్యి ఎండిపోయి ఉండొచ్చు. నాన్నగారికి మాత్రం స్విచ్ ఆపాకే స్నానమని గట్టిగా చెప్పు, ఆయన నీ మాటే వింటారు.

మొదటిసారి ఆన్ చేసే ముందు వేణ్ణీళ్ల కుళాయి తిప్పి ఉంచండి, ముందు గాలి బుడబుడమని వస్తుంది, ఆగకుండా నీళ్ల ధార వచ్చాక కట్టేసి అప్పుడు స్విచ్ వెయ్యండి.

బుధవారం పని మొదలెట్టొద్దని నా మాటగా చెప్పు, ఆదివారానికి మార్చు. పొద్దున్నే బస్సెక్కి గేజ్ పట్టుకుని నేనే వచ్చేస్తాను. పెట్టెలో ఆ వాల్వ్ ఉందో లేదో ఇప్పుడే విప్పి చూసి ఒక ఫొటో పెట్టు, లీవర్ వైపు కనపడేలా తియ్యి. లేకపోతే ఇక్కడ ఏడు రోడ్ల దగ్గర కొని తెస్తాను. అమ్మగారికి నేనడిగానని చెప్పు, వచ్చేటప్పుడు జీడిపప్పు తెస్తాను, పలాసదే.

ఉంటాను మావా,
నీ స్నేహితుడు